మొదలు కోసేసిన తుంగ: ఉత్తర మిన్నెసోటా చిత్తడి నేల నుంచి వచ్చిన ఒక నమూనాపై కేస్ స్టడీ

నేపథ్యం

ఈ నమూనా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర భాగంలో సేకరించినది. ఒకప్పుడు అగాసిజ్ అనే హిమానీనద సరస్సుకు అడుగుగా ఉన్న ఆ ప్రాంతంలో చాలా భాగం ఇప్పుడు పీటు, అంటే పూర్తిగా కుళ్లని మొక్కల పొర, పేరుకుపోయిన విశాలమైన చిత్తడి మైదానం. సేకరించిన సంస్థ పేరు, సర్వే జరిగిన కచ్చితమైన చోటు, సంవత్సరం ఇక్కడ ఇవ్వడం లేదు. హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను షీట్లకు అతికించి భద్రపరిచే చోట, తుంగజాతి మొక్కల గుర్తింపు చూసే వ్యక్తిగా ఈ నమూనా నా దగ్గరకు వచ్చింది.

20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఈ పీటు నేలలను సాగులోకి తేవాలని పొడవాటి మురుగు కాలువలు తవ్వారు. సాగు సాధ్యం కాలేదు గానీ కాలువలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. వాటిలో ఒకదానికి అడ్డుకట్టలు వేసి నేలకు పాత నీటి మట్టాన్ని తిరిగి తేవాలన్న ప్రతిపాదన వచ్చింది. పని మొదలుపెట్టే ముందు కాలువ గట్టు నుంచి చిత్తడి లోపలి దాకా ఒక గీత వెంట ఏయే మొక్కలున్నాయో నమోదు చేయమని ఒక సర్వే బృందానికి అప్పగించారు.

ఇలాంటి చోట మొక్క పేరు చూసి నీటి మూలాన్ని అంచనా వేయడం పరిపాటి. వాననీరు తప్ప మరో ఆధారం లేని పీటు నేలను బాగ్ అంటారు. అక్కడి నీరు బాగా ఆమ్లగుణంతో, పోషకాలు దాదాపు లేకుండా ఉంటుంది. ఖనిజ మృత్తికను తాకి వచ్చిన నీరు కొంతైనా అందే పీటు నేల ఫెన్. ఫెన్‌లలో మళ్లీ పోషకాలు తక్కువగా ఉన్నవీ ఎక్కువగా ఉన్నవీ ఉంటాయి, ఒక్కో రకంలో ఒక్కో తుంగ గుంపు స్థిరపడుతుంది. కాబట్టి కాలువ నీటి ప్రభావం లోపలికి ఎంతవరకు పాకిందన్న ప్రశ్నకు సర్వే బృందం వెతుకుతున్న జవాబులో కొంత భాగం ఈ తుంగ పేరుమీద ఆధారపడి ఉంది.

తుంగ అనగానే మనకు గుర్తొచ్చేది చేలో ఎంత పీకినా గడ్డ మిగిలిపోయి మళ్లీ మొలిచే సైపరస్ రోటండస్. కేరెక్స్ ప్రజాతి కూడా ఆ సైపరేసి కుటుంబానిదే. ప్రపంచంలో సుమారు 2000 కేరెక్స్ జాతులు ఉన్నాయి, ఉత్తర అమెరికాలో మెక్సికోకు ఉత్తరానే 480 వరకు నమోదయ్యాయి. వీటిలో ప్రతి ఆడపువ్వూ ఒక చిన్న మూసిన సంచిలో ఉంటుంది. దీన్ని పెరిజీనియం అంటారు. కీలాగ్రాలు మాత్రమే దాని కొననుంచి బయటికి వస్తాయి, గింజ లోపలే తయారవుతుంది. కేరెక్స్ గుర్తింపులో సగానికి పైగా ఈ సంచి ఆకారం, దాని ముక్కు పొడవు, నరాలు, పండినప్పుడు అది కంకికి ఏ కోణంలో నిలుస్తుంది అన్నవాటి మీదే నడుస్తుంది. సంచి ముదరకముందే కోసిన మొక్కకు పేరు చెప్పడం అందుకే కష్టం.

వచ్చిన సమస్య

షీటుమీద కంకి వేసిన రెండు కాడలు అతికించి ఉన్నాయి. రెండూ ఒకే సేకరణ సంఖ్య కింద, ఒకే లేబులుతో ఉన్నాయి. లేబులు మీద ‘కేరెక్స్ రోస్ట్రేటా’ అన్న పేరు, ‘తడి నేల’ అన్న ఆవాస వివరం, జూన్ చివరి వారపు తేదీ ఉన్నాయి. సర్వే గీత ఆసాంతం ఇదే మొక్క విస్తారంగా ఉందని సర్వే పట్టికలో రాశారు. పేరు సరైనదేనని ధ్రువీకరించమని నన్ను అడిగారు.

చూడగానే మూడు లోపాలు కనబడ్డాయి. కాడలను నేలకు జానెడు ఎత్తులో కత్తితో కోశారు, అంటే మొదలు లేదు, భూగర్భంలో పాకే కొమ్ము లేదు. కంకి వేయని పిలక ఒక్కటీ లేదు. సంచులు ఇంకా పచ్చిగా, కంకిని అంటిపెట్టుకొని ఉన్నాయి. పీటులోంచి తుంగను పెకలించడం ఎంత ప్రయాసో చేసినవాళ్లకు తెలుసు; నీళ్లలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, వేర్ల చాపను కోసుకుంటూ లాగాలి. కాబట్టి పైభాగం కోసుకొని వచ్చినవారిని తప్పుపట్టలేం. అయితే ఈ గుంపులో మొదలు లేని నమూనా, గడ్డ లేకుండా తెచ్చిన తుంగలాగే, సగం సాక్ష్యాన్ని పొలంలోనే వదిలేసి వచ్చినట్టు.

కంకుల అమరిక మాత్రం స్పష్టంగా ఉంది. పైన సన్నని మగ కంకులు ఒకటికి మించి, కింద స్తంభాకారపు ఆడ కంకులు, ఉబ్బడం మొదలుపెట్టిన నున్నని సంచులు, మూడు కీలాగ్రాలు. ఇవన్నీ కలిస్తే ఇది కేరెక్స్ ప్రజాతిలోని వెసికేరియే అనే విభాగానికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందినదని నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ ప్రాంతంలో ఆ విభాగం నుంచి పరిశీలించదగ్గవి ప్రధానంగా మూడు: రోస్ట్రేటా, యుట్రిక్యులేటా, వెసికేరియా.

మొదటి రెండింటి మధ్య గందరగోళానికి పాత చరిత్ర ఉంది. రోస్ట్రేటాను స్టోక్స్ 1787లో బ్రిటన్ మొక్కల నుంచి వర్ణించాడు. ఉత్తర అమెరికా మొక్కను యుట్రిక్యులేటా పేరుతో ఫ్రాన్సిస్ బూట్ 1839లో వేరుగా వర్ణించాడు. ఆ తరవాత దాన్ని రోస్ట్రేటాలోనే ఒక రకంగా కలిపేశారు, చాలాకాలం అమెరికా పుస్తకాల్లో ‘రోస్ట్రేటా’ అంటే ఈ రెండూ కలిసిన ముద్ద. 2002లో వెలువడిన ‘ఫ్లోరా ఆఫ్ నార్త్ అమెరికా’ 23వ సంపుటం వీటిని రెండు జాతులుగానే చూపింది. ఆ దృష్టితో చూస్తే ఖండంలో విరివిగా కనబడేది యుట్రిక్యులేటా. అసలైన రోస్ట్రేటా ఉత్తరానికి పరిమితమై, ఎక్కువగా నీటిమీద తేలే వేర్ల చాపలలోనూ లోతు తక్కువ నీటిలోనూ పెరుగుతుంది. లేబులుమీద రోస్ట్రేటా అని ఉంటే, రాసినవారు పాత అర్థంలో రాశారా కొత్త అర్థంలో రాశారా అన్నది ముందు తేల్చుకోవలసి వస్తుంది. సర్వే బృందం వాడిన క్షేత్ర పుస్తకం పాతది.

ప్రయత్నించినవి, అక్కరకు రానివి

మొదట గుర్తింపు కీని, అంటే లక్షణాలపై వరసగా ప్రశ్నలడిగి జాతి పేరుకు చేర్చే పట్టికను, అనుసరించాను. వెసికేరియాను విడదీయడానికి కీ అడిగేది పండిన సంచులు పైకి నిక్కి ఉన్నాయా, పక్కకు విచ్చుకున్నాయా అన్నది. పచ్చి సంచులు ఏ జాతిలోనైనా పైకే నిక్కి ఉంటాయి కాబట్టి ఆ ప్రశ్నకు ఈ షీటు జవాబు చెప్పదు. మొదలు దగ్గర మెత్తగా స్పంజిలా ఉబ్బి ఉందా అన్నది తరవాతి ప్రశ్న. మొదలే లేదు. మిగిలింది లిగ్యూల్, అంటే ఆకు ఒర నుంచి విడివడే చోట కాడను అంటుకొని ఉండే నాలుకలాంటి పొర. వెసికేరియాలో అది వెడల్పుకన్నా బాగా పొడవుగా, మొనదేరి ఉంటుంది. ఈ రెండు కాడల్లోనూ అది పొట్టిగా, గుండ్రంగా ఉంది. దాంతో వెసికేరియా సంభావ్యత బాగా తగ్గింది. దాన్ని పూర్తిగా కొట్టివేయడానికి మాత్రం ఒక్క లక్షణం చాలదనిపించి ఆ పేరును పక్కన ఉంచాను.

రోస్ట్రేటా, యుట్రిక్యులేటాల మధ్య సులువుగా కొలవగలిగింది ఆకు వెడల్పు. రోస్ట్రేటాలో అత్యంత వెడల్పైన ఆకు సాధారణంగా 2 నుంచి 4.5 మిల్లీమీటర్లు ఉండి, అంచులు లోపలికి వంగి కాలువలా ఉంటుంది. యుట్రిక్యులేటాలో ఆకు బల్లపరుపుగా, 5 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. షీటుమీది ఒక కాడలో ఆకు 3.8 మిల్లీమీటర్లు, రెండోదానిలో 6 మిల్లీమీటర్లు వచ్చింది. సర్వే పట్టికలో దీన్ని ‘4 నుంచి 6’ అని కలిపి రాసి, సగటు 5కు దగ్గరగా ఉందంటూ ‘రోస్ట్రేటా, వెడల్పు రూపం’ అని వ్యాఖ్య చేర్చారు.

సగటు తీయకూడదని నేను నిర్ణయించుకున్న చోటు ఇదే, ఈ కేసు మలుపు తిరిగిందీ ఇక్కడే. రెండు కొలతలకు సగటు తీయడమంటే ఆ రెండూ ఒకే మొక్కవో, కనీసం ఒకే జాతివో అని ముందే ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలుకు ఆధారం ఏమిటని వెతికితే, రెండు కాడలకూ ఒకే సేకరణ సంఖ్య ఉండడం తప్ప మరేమీ దొరకలేదు. సంఖ్య ఇచ్చింది మనిషి. పైగా కంకి వేసిన కాడమీది ఆకులు కంకి వేయని పిలకల ఆకులకన్నా సన్నగా ఉంటాయి, కీలో ఇచ్చిన గరిష్ఠ కొలతలు పిలకలనుకూడా చూసి ఇచ్చినవి. ఆకు ఎండితే ఇంకొంత ముడుచుకుంటుంది. కాబట్టి 6 మిల్లీమీటర్ల ఆకు ఉన్న కాడ బతికి ఉన్నప్పటి పిలకల్లో ఇంకా వెడల్పుగానే ఉండి ఉండాలి; 3.8 ఉన్న కాడ విషయంలో అటో ఇటో చెప్పలేం. వెడల్పుతో ఇంతకుమించి ముందుకు పోలేకపోయాను.

తరవాత మా హెర్బేరియంలోని రోస్ట్రేటా ఫోల్డరు తీసి పక్కపక్కన పెట్టి పోల్చాను. కేరెక్స్‌తో పనిచేసేవారంతా చేసే పనే ఇది. చాలాసార్లు కీకన్నా వేగంగా పని జరుగుతుంది. ఇక్కడ మాత్రం రెండు కాడలూ ఫోల్డరులోని ఏదో ఒక షీటుతో చక్కగా సరిపోయాయి. అంత బాగా సరిపోవడమే అనుమానం రేపింది. ఆ షీట్లలో ఎక్కువ భాగం రెండు జాతులను కలిపి చూసిన కాలంలో పేరు పెట్టినవి, తరవాత ఎవరూ తిరిగి పరిశీలించలేదు. ఫోల్డరే కలగలుపు అయినప్పుడు దానితో పోల్చి పేరు ఖాయం చేయడం, సందేహాన్ని సందేహంతోనే రుజువు చేసినట్టవుతుంది. పోలికను పక్కన పెట్టేశాను.

డీఎన్ఏ పరీక్ష చేయిద్దామని సర్వే బృందం సూచించింది, ఖర్చు భరిస్తామని కూడా చెప్పింది. వద్దన్నాను. మొక్కల బార్‌కోడింగుకు, అంటే డీఎన్ఏ ముక్కను బట్టి జాతిని గుర్తించడానికి, సాధారణంగా వాడే మ్యాట్‌కే, ఆర్‌బీసీఎల్ జన్యువులు ప్రజాతిని, విభాగాన్ని బాగా చెబుతాయి గానీ కేరెక్స్‌లో దగ్గరి జాతులను చాలాసార్లు వేరుచేయలేవు. ఫలితం ‘వెసికేరియే విభాగం’ అని వస్తే అది మనకు ముందే తెలుసు. దానికన్నా ముఖ్యంగా, పోల్చుకోవడానికి ఉంచిన డేటాబేసులోని డీఎన్ఏ వరసలకు పేర్లు వచ్చింది ఇలాంటి హెర్బేరియం షీట్ల నుంచే. ఫోల్డరులో ఉన్న కలగలుపు అక్కడ లేదని హామీ ఇచ్చేవారు ఎవరు? క్షేత్రంలో తీసిన ఫొటోలు అడిగి చూశాను, వాటిలో దూరం నుంచి పచ్చని మడి తప్ప ఏమీ తెలియలేదు.

పనికొచ్చినది

రోస్ట్రేటా ఆకు పైముఖం బూడిదరంగు కలిసిన లేత పచ్చగా ఉంటుంది. ఆ రంగుకు కారణం అక్కడ దట్టంగా ఉండే సూక్ష్మమైన బొడిపెలు. పత్రరంధ్రాలు కూడా ఆ ముఖం మీదే ఉంటాయి. యుట్రిక్యులేటాలో పైముఖం బొడిపెలు లేకుండా నున్నగా, పచ్చగా ఉంటుంది, పత్రరంధ్రాలు ప్రధానంగా కిందిముఖం మీద ఉంటాయి. ఎండితే రంగు పోతుంది. బొడిపెలు పోవు. 40 రెట్లు పెద్దది చేసి చూపే స్టీరియో మైక్రోస్కోపు కింద అవి స్పష్టంగా కనబడతాయి. వెడల్పులాగా ఇది మొక్క వయసును బట్టి, ఎండిన తీరును బట్టి మారే లక్షణం కాదు కాబట్టి దీన్నే ఆధారంగా తీసుకున్నాను.

అయితే సన్నని ఆకున్న కాడను లెన్సు కింద పెడితే బొడిపెలు కనబడలేదు. అప్పుడే యుట్రిక్యులేటా అని రాసేసి ఉంటే పని పూర్తయినట్టే కనబడేది. కాని నేను చూస్తున్నది ఏ ముఖం? కాలువలా వంగిన ఆకును ప్రెస్సులో పెట్టి నొక్కితే అది నడిమి ఈనె దగ్గర మడతపడి పుస్తకంలా మూసుకుపోతుంది. పైముఖం రెండు పుటలమధ్య దాగిపోతుంది, షీటుమీద బయటికి కనబడేదంతా కిందిముఖమే. ఏది ఏ ముఖమో తేల్చుకోవడానికి రెండు గుర్తులు ఉన్నాయి: నడిమి ఈనె గట్టులా ఉబికి ఉండేది కిందిముఖం వైపు, లిగ్యూల్ ఉండేది పైముఖం వైపు. రెండూ చూశాక, బయటికి ఉన్నది కిందిముఖమేనని తేలింది. ఇంతకుముందు ఈ ఫోల్డరును తిరగేసిన పరిశీలకుల్లో కొందరు ఇక్కడే ఆగిపోయి ఉంటారని నా అభిప్రాయం.

అతికించిన నమూనాను తడపడం షీటుకు హాని చేయవచ్చు కాబట్టి సంరక్షకుల అనుమతి తీసుకున్నాను. గోరువెచ్చని నీటిలో ఒక్క చుక్క డిటర్జెంటు కలిపి, అతుకు లేని ఆకు కొనను మాత్రమే సన్నని కుంచెతో తడిపి, మెత్తబడ్డాక సూదితో మడత విప్పాను. లోపలి ముఖమంతా దగ్గరదగ్గరగా, వరసలు తీరిన తెల్లటి చుక్కల్లా బొడిపెలు బయటపడ్డాయి. రెండో కాడ ఆకు బల్లపరుపుగానే ఎండింది కాబట్టి అంత శ్రమ అక్కరలేకపోయింది; దాని పైముఖం నున్నగా ఉంది, బొడిపె ఒక్కటి కూడా లేదు. పారదర్శకమైన గోళ్ల రంగు పూసి, ఆరాక టేపుతో లేపి, ఆ అచ్చును స్లైడు మీద చూస్తే పత్రరంధ్రాల వరసలు కిందిముఖం అచ్చులోనే కనబడ్డాయి. సన్నని ఆకుకు గోళ్ల రంగు వాడలేదు. పాత ఆకుమీద అది ఒక్కోసారి పైపొరను ఊడదీస్తుంది, బొడిపెలు కళ్లకు కనబడుతున్నప్పుడు ఆ నష్టానికి అర్థం లేదు.

అంటే షీటుమీద ఉన్నవి రెండు జాతులు. కొలతలు పొంతన లేకుండా రావడానికి కారణం ఒక జాతిలోని వైవిధ్యం కాదు, రెండు మొక్కలను ఒకే సంఖ్య కింద చేర్చడం.

ఇక్కడితో ఆపకుండా మళ్లీ క్షేత్రానికి వెళ్లాలని పట్టుబట్టాను. ఒక కారణం వెసికేరియా ప్రశ్న ఇంకా తెరిచి ఉండడం. రెండోది సంకరం. యూరప్‌లో రోస్ట్రేటా, వెసికేరియాల సంకరం ఇన్వొల్యూటా అనే పేరుతో ప్రసిద్ధం. దాని సంచుల్లో గింజ సాధారణంగా కట్టదు. పచ్చి సంచుల్లో గింజ కడుతుందో లేదో తెలియదు. మూడోదీ అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఏమిటంటే, సర్వే బృందానికి కావలసింది షీటుమీది పేరు కాదు, ఆ రెండు మొక్కలు ఏ హద్దు దగ్గర మారుతున్నాయన్న సంగతి.

ఆగస్టులో సంచులు పండాక సర్వే గీత వెంట నడిచాం. కాలువ గట్టు పక్కన వెడల్పాటి పచ్చని ఆకుల మడి, మొదలు పట్టుకొని నొక్కితే స్పంజిలా దిగే కాడలు, గోధుమరంగు ఒరలు, వాటినుంచి దూరంగా పాకిన బలమైన కొమ్ములు. అక్కడినుంచి లోపలికి పోతే అడుగు కింద నేల ఊగడం మొదలవుతుంది. కేరెక్స్ లేసియోకార్పా సన్నని ఆకులు, మెన్యాంథెస్ మూడేసి ఆకులు కలిసిన ఆ తేలే చాపలో రోస్ట్రేటా కాడలు చెదురుమదురుగా నిలబడి ఉన్నాయి. ఆకును పైనుంచి చూస్తే బూడిదరంగు, తిప్పి చూస్తే పచ్చదనం. బతికి ఉన్న మొక్కలో ఈ తేడాకు మైక్రోస్కోపు అక్కరలేదు. రెండింటిలోనూ సంచులు కంకినుంచి పక్కకు విచ్చుకొని ఉన్నాయి. చిదిమి చూస్తే లోపల గట్టి గింజలు ఉన్నాయి. మొదలు, లిగ్యూల్, విచ్చుకున్న సంచులు మూడూ ఒకే మాట చెప్పడంతో వెసికేరియాను, గింజలు కట్టి ఉండడంతో సంకరం అనుమానాన్ని వదిలేశాం. రెండు మడులు కలిసే పట్టీ వెడల్పు కొద్ది అడుగులే. మొదటి సేకరణ ఆ పట్టీలోనే జరిగిందని సర్వే నోట్సులోని దూరం లెక్క చూపింది.

ఏం మారింది, ఏం మారలేదు

షీటును చింపి రెండు చేయలేదు. సేకరణ సంఖ్యకు ‘ఎ’, ‘బి’ అని చేర్చి, ఏ కాడ ఏదో బాణం గుర్తుతో చూపుతూ ఎ రోస్ట్రేటా అనీ, బి యుట్రిక్యులేటా అనీ నిర్ధారణ చీటీ అతికించాను. చీటీమీద పేరుతోపాటు ఏ ఆకు ఏ ముఖంమీద ఏం చూశానో కూడా రాశాను. ఒట్టి పేరు రాసిన చీటీ తరవాత వచ్చే పరిశీలకుడికి ఏమీ నేర్పదు, ఏకీభవించాలో విభేదించాలో తేల్చుకునే ఆధారమూ ఇవ్వదు.

సర్వే బృందం పట్టికలో ‘రోస్ట్రేటా’ గడిని రెండుగా విడగొట్టి గీతలోని ప్రతి చోటునూ తిరిగి చూసింది. అప్పుడు మరో తొందరపాటు ఎదురైంది: యుట్రిక్యులేటా ఉన్నంత మేరా కాలువ నీరు పాకిందని నివేదికలో రాయబోయారు. అది సమర్థనీయం కాదని చెప్పాను. యుట్రిక్యులేటా తడిమైదానాల్లో, చెరువు గట్లమీద, మురుగు కాలువల్లో, మనిషి చెయ్యి పడని ఫెన్‌లలో కూడా పెరుగుతుంది. దాని ఉనికి ఒక్కటే కాలువకు సాక్ష్యం కాదు. రోస్ట్రేటా తేలే చాప ఎక్కడ మొదలవుతుందన్నది కొంత మెరుగైన గుర్తు, అదికూడా పక్కన నీటి ఆమ్లత, విద్యుత్ వాహకత కొలతలు ఉన్నప్పుడే. చివరికి ఆ కొలతలు తీసుకొని, మొక్కల హద్దును వాటి పక్కన ఉంచి నివేదిక రాశారు.

సేకరణ పద్ధతిలో రెండు మార్పులు చేయించాను. ఈ విభాగపు తుంగ ఏది తెచ్చినా కంకి వేసిన కాడతోపాటు కంకి వేయని పిలక ఒకటి, రెండింటినీ కలిపే కొమ్ము ముక్కతో సహా తేవాలి. అలా తెచ్చినప్పుడే షీటుమీద ఉన్నది ఒకే మొక్క అని చెప్పగలం. పక్కపక్కన ఉన్న రెండు కాడలు ఒక మొక్కవే అన్నది ఊహ మాత్రమే. రెండోది, ప్రెస్సులో పెట్టే ముందు ఒక ఆకునైనా పైముఖం బయటికి వచ్చేలా విప్పి, కాగితం ముక్కతో అదిమి ఉంచాలి. క్షేత్రంలో అర నిమిషం పట్టే ఈ పని చేసి ఉంటే హెర్బేరియంలో తడపడాలు, అనుమతులు ఏవీ అవసరమయ్యేవి కావు. లేబులుమీద ‘తడి నేల’ అని కాకుండా కాలు కింద నేల గట్టిగా ఉందా, ఊగుతోందా, నీరు కదులుతోందా నిలిచి ఉందా అని రాయమని కూడా చెప్పాను. ఆకు రంగును రెండు ముఖాలకూ విడివిడిగా, కోసిన వెంటనే రాయాలి.

మా రోస్ట్రేటా ఫోల్డరును కూడా ఇదే పద్ధతిలో తిరిగి చూడడం మొదలుపెట్టాం. చాలా షీట్లు యుట్రిక్యులేటా ఫోల్డరులోకి వెళ్తున్నాయి. పైముఖం కనబడని, తడపడానికి వీల్లేనంత పెళుసైన పాత షీట్లకు మాత్రం జాతి పేరు పెట్టడం లేదు. ‘వెసికేరియే విభాగం, రోస్ట్రేటా లేదా యుట్రిక్యులేటా’ అన్న చీటీతో వాటికి వేరే ఫోల్డరు పెట్టాం.